నవమి నాటి కాగితం

ఇప్పుడు భూమి ఎక్కడ కదిలినా మీ చేతిలోని ఫోను చెప్పేస్తుంది. సముద్రం పొంగే ప్రమాదం ఉంటే ఏ తీరానికి ఎప్పుడు వస్తుందో కూడా చెబుతుంది. భూకంపాలను కనిపెట్టే మా ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడవచ్చినప్పుడల్లా, "అమ్మా, మీ కాలంలో ఎట్లా తెలిసేది?" అని అడుగుతారు. మసి చెప్పేది, అంటాను. వేళాకోళం ఆడుతున్నానని వాళ్ళు నవ్వుతారు. నిజంగానే మసి చెప్పేది. ఒకసారి మాత్రం, చెప్పవలసినప్పుడు చెప్పలేకపోయింది. ఆ సంగతి మీ పత్రికకు రాయమని మీరు అడిగి చాలా రోజులయింది. ఒంట్లో ఓపిక తగ్గుతోంది. ఈ నాలుగు మాటలూ రాసేస్తే నాకూ కొంచెం బరువు దిగుతుంది.

మా కేంద్రం తిరుపతికి అవతల, చంద్రగిరి పోయే దారిలో, ఒక రాతిగుట్ట అడుగున ఉండేది. పైన రెండు గదులు, కింద మెట్లు దిగి పోయే ఒక చల్లటి గది. ఆ కింది గదిలో బండ మీద కట్టిన దిమ్మె మీద భూకంపాలను రాసే యంత్రం. అక్కడ పనిచేసేది ముగ్గురం. కోస్తా జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు, మెకానిక్కు, కాగితాలు చూసుకునే నేను.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన తిరుచానూరులో మా వీధి వాళ్ళకు పంచాంగం చెప్పేవాడు. నాకు తిథి గుణించడం, లెక్కలు, ఇంగ్లీషు పేపరు గట్టిగా చదవడం అన్నీ ఆయనే ఇంట్లో నేర్పించాడు. ఆయన పోయాక ఒక పుణ్యాత్ముడు దగ్గరుండి దరఖాస్తు రాయించి, నన్ను ఆ కేంద్రంలో చేర్పించాడు. పద్మావతమ్మ దయ అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

మెకానిక్కును అందరం పెద్దాయన అనేవాళ్ళం. నగరి వైపు నేతగాళ్ళ ఇంట పుట్టినవాడు. మగ్గం గుంటలో కూర్చోవలసిన కాళ్ళు ఎట్లాగో మా కింది గది మెట్లు దిగడానికి వచ్చాయి. పని నేర్పింది ఆయనే. నున్నటి కాగితాన్ని డ్రమ్ము చుట్టూ అంటించి, కిరసనాయిలు దీపం పొగ మీద తిప్పుతూ నల్లగా మసి పట్టించాలి. ఆ మసి మీద ఒక సన్నటి ముల్లు ఆనుకుని ఉంటుంది. డ్రమ్ము తిరుగుతూ, మెల్లగా పక్కకు జరుగుతూ పోతుంటే ముల్లు మసిని గీకి తెల్లటి గీత గీస్తుంది. భూమి ఊరుకుంటే గీత సాపుగా పోతుంది. కదిలితే ఊగుతుంది. ఒక పగలు, ఒక రాత్రి అయ్యేసరికి ముల్లు కాగితం చివరికి చేరుతుంది. అప్పుడు దాన్ని విప్పి, లక్క కరిగించిన స్పిరిటులో ముంచి ఆరబెట్టి, కొత్త కాగితం వేయాలి.

మొదట్లో నా చేతిలో కాగితాలు మాడిపోయేవి.

"దోసె పోసినట్టే అమ్మణ్ణీ," అనేవాడు పెద్దాయన. "మంట మీద నిలబెడితే మాడతాది. తొందరపడితే పచ్చిగా ఉంటాది. తిప్పతా ఉండు. కండ్లు దాని మీదే పెట్టు."

"దోసె కూడా నాకు సరిగా రాదు పెద్దాయనా."

"అట్లయితే ఈడ నేర్సుకో. ఇంట్లో వాళ్ళకి గూడా పనికొస్తాది."

కొండ మీద గరుడసేవ నాడు బస్సులు వరసగా ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మా గీతలకు బూజు పట్టినట్టు సన్నటి వణుకు వచ్చేది. ఇదేమిటని పై ఆఫీసు నుంచి ఒకసారి అడిగితే, "గోవిందా అంటాండారని రాయమ్మణ్ణీ," అన్నాడు పెద్దాయన. నేను మాత్రం 'వాహనాల రద్దీ' అని రాశాను.

మహర్నవమి నాడు ఆయుధపూజ. మా వైపు పనిముట్టున్న ప్రతివాడికీ అది పెద్ద పండుగ. పూజ చేసిన పనిముట్టును ఆ రోజంతా ముట్టుకోరు. మగ్గం ఆగుతుంది, కొలిమి ఆరుతుంది, మా ఇంట్లో పుస్తకాలు పీటెక్కితే మరునాడు దశమి పొద్దున ఉద్వాసన చెప్పిందాకా చదవడమూ రాయడమూ ఉండదు. కేంద్రంలో కూడా పెద్దాయన చేరినప్పటి నుంచి ఆ పూజ జరిగేది. నేను తిరుచానూరు నుంచి కనకాంబరాల దండలు తెచ్చేదాన్ని. పెద్దాయన యంత్రానికి గంధం, కుంకుమ పెట్టేవాడు. గడప ముందు బూడిద గుమ్మడికాయ కొట్టేది ఆఫీసరే. అందరం బొరుగులు, పప్పులు, బెల్లం తిని ఇళ్ళకు పోయేవాళ్ళం.

అయితే మా యంత్రాన్ని ఆపడానికి లేదు. పై నుంచి గట్టి ఉత్తరువు. దీనికి పెద్దాయన ఒక ఉపాయం కనిపెట్టాడు. నవమి పొద్దున కాగితం మార్చడు. పాత కాగితం మీదే యంత్రాన్ని తిరగనిస్తాడు.

"సర్కారు ఆపొద్దంటాది. అమ్మోరు ముట్టొద్దంటాది. ఇద్దరి మాటా నిలబెట్టినాం గదా!" అనేవాడు, తన తెలివికి తానే మురిసిపోతూ.

కాగితం చివరికి చేరిన ముల్లు ఇంక పక్కకు జరగదు. ఆ చివరి గీత మీదే తిరిగిందే తిరుగుతుంది, మరునాటి దాకా. అది నష్టమని మాకు తెలియకపోలేదు. ఏటా ఒక్క రోజు. ఆ ఒక్క రోజున ఏమొస్తుందిలే అనుకున్నాం. ఏళ్ళ తరబడి ఏమీ రాలేదు కూడా.

డెబ్బైల చివర్లో, ఒక దశమి పొద్దున చూస్తే వచ్చి ఉంది.

ఉద్వాసన చెప్పి, హారతి కళ్ళకద్దుకుని, పెద్దాయన డ్రమ్ము మీది అద్దం పెట్టె ఎత్తాడు. కాగితం చివర తిరిగిన చోటే తిరిగి, వేలెడు వెడల్పున మసి మొత్తం లేచిపోయి తెల్లటి పట్టీ ఏర్పడింది. అది ఏటా ఉండేదే. ఆ ఏడు ఆ పట్టీని చీల్చుకుని రెండు పక్కలా కొబ్బరాకు ఈనెల మాదిరి ఊపులు బయటికి వచ్చి ఉన్నాయి.

పెద్దాయన కాగితం మీదికి వంగి చూశాడు.

"యాడనో పెద్దదే వచ్చుండాది అమ్మణ్ణీ," అన్నాడు.

కాసేపటికి టెలిగ్రాం వచ్చింది. తూర్పు సముద్రాల అవతల ఒక ద్వీప దేశం దగ్గర, సముద్రం అడుగున భూమి కదిలింది. ఆ వెనకే సముద్రం లేచి తీరం మీది ఊళ్ళను తుడిచి పెట్టింది. తొలి కదలిక మీ దగ్గరికి ఎన్ని గంటల, ఎన్ని నిమిషాల, ఎన్ని క్షణాలకు చేరిందో వెంటనే తెలపాలి. ఆ రోజు ఆఫీసరు నోట సునామీ అన్న మాట మొదటిసారి విన్నాను.

"సముద్రం ఊరి మీదికొస్తే దానికి గూడా పేరు పెట్టినారా సార్?" అని అడిగాడు పెద్దాయన.

"పేరు పెడితేనే కదయ్యా దాన్ని చదవడం కుదిరేది."

"సచ్చినోళ్ళకు ఏం పేరు పెట్టినారో."

ఆఫీసరు కాగితం దీపానికి ఎదురు పట్టి చూస్తున్నాడు. పెద్ద ఊపులు పట్టీ దాటి బయటపడ్డాయి గాని, అన్నిటికంటే ముందు వచ్చే చిన్న కదలిక ఆ తెల్లటి మందంలోనే మునిగిపోయింది. వాళ్ళు అడిగింది దాన్నే.

అది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. ఇటువంటి విపత్తు జరిగినప్పుడు ప్రపంచంలోని కేంద్రాలన్నిటికీ ఒకటే ప్రశ్న పోతుంది, మీ దగ్గరికి ఎప్పుడు వచ్చింది అని. దేశాలకు దేశాలకు పడకపోయినా ఈ జవాబు మాత్రం ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. ఒక్కొక్క చోటికి చేరిన వేళను బట్టి భూమి సరిగ్గా ఎక్కడ, ఎప్పుడు కదిలిందో తేలుస్తారు. కదిలిన వేళకూ, నీళ్ళు ఊళ్ళోకి వచ్చిన వేళకూ మధ్య ఉన్న ఎడమెంత, ఆ ఎడంలో పరుగెత్తమని చెప్పడానికి వీలుండేదా లేదా, అన్నది ఆ తరవాతి లెక్క. టెలిగ్రాంల తరవాత ఉత్తరాలు వస్తాయి, ఆ తరవాత మనుషులు వస్తారు. చివరికి ఒక లావుపాటి పుస్తకం వస్తుంది. సముద్రం ఒక్క పూటలో చేసిపోయినదాన్ని మనుషులు ఏళ్ళ తరబడి చదువుకోవాలి.

'కాగితం పరిశీలనలో ఉంది' అని ఆఫీసరు తంతి ఇచ్చాడు. ఆ పరిశీలన మమ్మల్ని నమిలేసింది. రోజూ భూతద్దం పట్టుకుని ముగ్గురం ఆ పట్టీలో వెతికేవాళ్ళం. కళ్ళు మండేవి. ఒకరికి కనిపించిన మెలిక ఇంకొకరికి కనిపించదు. పెద్దాయన అన్నం సరిగా తినడం మానేశాడు.

ఇంతలో ఈ వేళలన్నీ పోగుచేసే అంతర్జాతీయ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఆసియాలోని కేంద్రాలు తిరుగుతూ వాళ్ళ శాస్త్రవేత్త ఒకాయన మా దగ్గరికి కూడా వస్తున్నాడు. అసలు కాగితం ఆయన చేతికే ఇవ్వాలి. కొన్ని కేంద్రాలకు వాళ్ళు కొత్త యంత్రాలు ఇస్తారు. ఎవరికి ఇవ్వాలో ఆయన చూసి చెబుతాడు. ఉత్తరంతో బాటు, ఇతర కేంద్రాల నుంచి అందిన వేళలు కూడా పంపించారు.

ఆఫీసరు ఆ ఉత్తరం చదివి, తలుపు దగ్గరికి వేసి, మమ్మల్ని కూర్చోమన్నాడు.

"మనది చిన్న కేంద్రం. మూసేద్దామని ఎప్పటి నుంచో పైన అనుకుంటున్నారు. ఈ కాగితం ఇట్లాగే ఇచ్చామంటే మూతపడ్డట్టే. చూడమ్మా, మిగతా వాళ్ళ వేళలు మన దగ్గరున్నాయి. దూరం తెలుసు. మన దగ్గరికి ఏ క్షణానికి వచ్చి ఉంటుందో లెక్క కట్టాను. ఆ వేళ నీ చేత్తో రాసిపెట్టు."

"చూసినట్టు రాయాలా సార్?"

"అబద్ధం కాదమ్మా ఇది. లెక్క. ఆ క్షణానికే వచ్చి ఉంటుంది కదా!"

"వచ్చి ఉంటుంది సార్. మనం చూడలేదు గదా."

పెద్దాయన ముందుకు వంగాడు. "నా మాట వినండి సార్. నేను కాగితం మార్సడం మర్సిపోయినానని రాసేయండి. ముసిలోడు, మర్సిపోతాడు. ఎవురన్నా నమ్ముతారు."

"నిన్ను సస్పెండ్ చేస్తారయ్యా. రిటైరయ్యే ముందు ఆ మచ్చ ఎందుకు?"

"నా మీద మచ్చ పడితే పడనీ సార్. అమ్మోరి మీద పడకూడదు. పూజ సేసి సెడగొట్టుకున్నారంట అని ఆ దేశాల్లో నవ్వుతారు. అది మాత్రం నాకొద్దు."

నాకూ అదే భయం. నిజం చెబితే నవ్వేది మమ్మల్ని కాదు, నేను రోజూ దండం పెట్టుకునే తల్లిని. చెప్పకపోతే ఆ రెండు అబద్ధాల్లో ఏదో ఒకటి నా చేత్తోనే రాయాలి.

తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాల సందడి మొదలయింది. గుడికి పోయి, జనంలో నలుగుతూ, అమ్మవారి ముందు నిలబడి అడిగాను. ఆమె ఏమీ చెప్పలేదు. అట్లా చెప్పే తల్లి కాదు. తీర్థం పుచ్చుకుని, పూలు కొనుక్కుని, బస్సులో నిలబడి పనికి పోయాను. ఆఫీసరు లెక్క కట్టిన కాగితం నా బల్ల మీదే ఉండేది. రోజూ దాని మీద బరువు పెట్టి పక్కకు జరిపేదాన్ని. ఆయన చూసి ఊరుకునేవాడు.

ఆ శాస్త్రవేత్త వచ్చిన రోజు ఒకటే వాన. గూడూరు దగ్గర పట్టాల మీదికి నీళ్ళు వచ్చి రైళ్ళు నిలిచిపోతే, ఆయన ఆ స్టేషన్లో నిమ్మకాయల బస్తాల మధ్య చాలాసేపు కూర్చున్నాడట. ఉత్సవాల మూలంగా లాడ్జీల్లో గది దొరకలేదు. అందుకని ఆఫీసరు సంచీతో సహా తిన్నగా కేంద్రానికే తీసుకొచ్చాడు. పెద్ద వయసు మనిషి. గడ్డం గీసుకోలేదు. ఒక కాలికి గుడ్డ కట్టు, దాని మీదే తడిసిన చెప్పు. ఒంటి నిండా నిమ్మకాయ వాసన. జేబులో నుంచి ఒక పచ్చి నిమ్మకాయ తీసి బల్ల మీద పెట్టాడు, ఎవరో బస్తా వ్యాపారి చేతిలో పెట్టాడట.

"కాలికి ఏమయిందో అడుగు అమ్మణ్ణీ," అన్నాడు పెద్దాయన, కాఫీ గ్లాసు ఆయనకు అందిస్తూ.

అడిగాను. ఆ ద్వీపాల్లో కూలిపోయిన ఇళ్ళ మధ్య నీటి జాడలు కొలుస్తుంటే రేకు దిగిందట. నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడల మీద, చెట్ల మీద చూసుకుంటూ ఊరూరా తిరిగాడట. ఆ ఊళ్ళ వాళ్ళు ఆయనను ఒకటే అడిగేవారట, మళ్ళీ ఎప్పుడు వస్తుంది అని.

"ఏం సెప్పినాడంట?"

"తెలియదని చెప్పారంట."

పెద్దాయన నిట్టూర్చాడు. "మన అమ్మోరు గూడా సెప్పదులే. పాపం, కుర్సీలో కూసోమను. కాలు పైన పెట్టుకోమను."

ఆయన కాఫీ తాగి, కాగితం చూపించమన్నాడు. ఆఫీసరు దాన్ని బల్ల మీద పరిచాడు. పక్కన తను లెక్క కట్టిన కాగితం కూడా పెట్టాడు, నా రాత లేకుండానే. తన చేత్తోనే నీటుగా రాసుకున్నాడు. నన్ను ఇంక ఇబ్బంది పెట్టదలచుకోలేదు కాబోలు. ఆ మంచితనం నేను మరిచిపోలేదు.

శాస్త్రవేత్త అద్దం పెట్టుకుని పట్టీ వెంబడి చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ కాగితం అంచు మీద వేలు పెట్టి ఆగాడు. అక్కడ ఒక ఎర్రటి మరక ఉంది. డ్రమ్ముకు పెట్టిన బొట్టు కాగితం విప్పుతున్నప్పుడు అంటుకుంది. తరవాత లక్కలో ముంచేసరికి ఇంక ఎప్పటికీ పోకుండా నిలిచిపోయింది.

"ఈ ఎరుపు ఏమిటి?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "అది... సిరా..."

పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ వేలు ఎక్కడ ఉందో చూశాడు, ఆఫీసరు తడబాటు విన్నాడు. అమ్మోరి పేరు ఎత్తొద్దని బతిమాలిన మనిషి, దేవుడి బొట్టును ఇంకొకటి అనడం మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

"కుంకం దొరా," అన్నాడు. "అమ్మోరి కుంకం."

ఆ శాస్త్రవేత్త నా వైపు చూశాడు. తెలుగు మాట తనకు అర్థం కాలేదు గనక, చెప్పమన్నట్టు.

ఆఫీసరు కూడా నా వైపు చూశాడు. పెద్దాయన చూడలేదు. తల వంచుకుని నేల మీది తడి చెప్పుల జాడ చూస్తున్నాడు. నాయన నేర్పిన పేపరు ఇంగ్లీషు ఒక్కొక్క మాటగా పోగుచేసుకున్నాను. ఇది మా తల్లికి పెట్టే ఎర్రటి పొడి. ఆ రోజు మా పనిముట్లకు పండుగ. మాకు అన్నం పెట్టే వస్తువును ఏడాదికి ఒక్క రోజు మొక్కుతాం, మొక్కిన తరవాత ముట్టుకోం. ఆపకూడదని ఉత్తరువు ఉంది కాబట్టి ఆపలేదు. ముట్టుకోకూడదు కాబట్టి కాగితం మార్చలేదు. తొలి కదలిక ఆ పట్టీలో మునిగిపోయింది. మాకు కనిపించలేదు. పక్కనున్న వేళ చూసి రాసింది కాదు, లెక్క కట్టింది. మరచిపోయినవాళ్ళు ఎవరూ లేరు. తెలిసే చేశాం.

చెప్పడం అయిపోయాక ఆ మసి కాగితాన్ని శాస్త్రవేత్త వైపు జరిపాను.

ఆఫీసరు తన కాగితాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శాస్త్రవేత్త నవ్వలేదు. కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తడి చొక్కా, అద్దాలు ఇంకా మసకబారాయి.

"ఒక చోట గడియారం తప్పింది," అన్నాడు. "ఒక చోట మనిషి సెలవులో ఉన్నాడు. ఒక చోట ఎలుకలు తీగ కొరికాయి. అవి నాకు కష్టం కాదు. లెక్కకు సరిగ్గా సరిపోయిన వేళలు కొన్ని ఇచ్చారు, అవే కష్టం. భూమి లోపల ఎట్లా ఉందో మా లెక్కకు ఇంకా సరిగా తెలియదు. లెక్క ఒకటి చెబుతుంది, కాగితం ఇంకొకటి చెబుతుంది. ఆ తేడా కోసమే నేను ఇంత దూరం తిరుగుతున్నాను. నా లెక్కే రాసి నాకు తిరిగి ఇస్తే, నేను నేర్చుకునేది ఏమీ ఉండదు. తరవాతిసారి కూడా ఆ ఊళ్ళకు ఆలస్యంగానే చెబుతాం."

నేను తెలుగులో చెప్పాను. ఆఫీసరుకు చెప్పవలసిన అవసరం లేదు. ఆయన కిటికీ వైపు తిరిగి వాన చూస్తున్నాడు.

"అయితే మనం ఆయప్పకు ఏమిచ్చినట్టు?" అని అడిగాడు పెద్దాయన.

అది కూడా అడిగాను.

"ఇక్కడ తెలియలేదు అన్న సంగతి ఇచ్చారు," అన్నాడు ఆయన. "అది నిజమైతే అది కూడా పనికొస్తుంది." తన చిన్న పుస్తకం తీసి, "ఏటా ఇదే తేదీనా?" అన్నాడు.

"కాదు. తిథిని బట్టి మారుతుంది."

"వచ్చే ఏడు ఎప్పుడు?"

నాయన పంచాంగం నా సంచీలోనే ఉండేది. చూసి చెప్పాను. ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు. పోయేముందు పెద్దాయన కొబ్బరినూనెలో పసుపు కలిపి తెచ్చాడు. ఆ ముసలి శాస్త్రవేత్త కాదనకుండా కాలు చాపాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. కట్టు కడుతూ పెద్దాయన తెలుగులో చీవాట్లు పెడుతూనే ఉన్నాడు. "ఈ కాలేసుకుని ఇన్ని దేశాలు తిరగతావా? ఇంట్లో సెప్పేవాళ్ళు ఎవురూ లేరా నీకు?" ఆయన తల ఊపుతూ కూర్చున్నాడు, ఏదో మంత్రం వింటున్నట్టు.

కొత్త యంత్రం మాకు రాలేదు. ఇంకో ఊరికి పోయింది. కేంద్రం మూతపడలేదు, అదే పదివేలు. ఆఫీసరు చాలా రోజులు నాతో పనికి మించి మాట్లాడలేదు. ఒక రోజు ఉన్నట్టుండి, "నీకు అంత ఇంగ్లీషు వచ్చునని ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా, అనవసరంగా ఉత్తరాలన్నీ నేనే రాసుకున్నాను," అన్నాడు. అంతటితో ఆయన కోపం తీరిపోయింది. తరవాత బదిలీ అయి తన జిల్లా వైపు పోయాడు. కేంద్రం నిలబడాలనే ఆయన ఆరాటం. ఆ రోజుల్లో ఆయనను తప్పుపట్టిన మాట నిజమే. తరవాత నా మీద ఆ బాధ్యత పడ్డప్పుడు అర్థమయింది, ఆ కుర్చీ ఎంత గుచ్చుకుంటుందో.

కొంతకాలానికి ఆ విపత్తు మీద లావుపాటి పుస్తకం వచ్చింది. కేంద్రాల వరసలో మా పేరు ఉంది. వేళ ఉండవలసిన చోట ఒక చిన్న అడ్డగీత. అడుగున సన్నటి అక్షరాల్లో, 'ఆ రోజు యంత్రానికి స్థానిక పండుగ' అని. పెద్దాయనకు చదివి వినిపించాను.

"నవ్వినారా అమ్మణ్ణీ, అందులో?"

"లేదు పెద్దాయనా. పండుగ అని మాత్రమే రాశారు."

పుస్తకం తిప్పి తిప్పి చూశాడు. అలల ఎత్తులు, పటాలు, నీళ్ళు ఎంత దూరం పోయాయో గీతలు. "ఆ సచ్చినోళ్ళ పేర్లు యాడా లేవే," అన్నాడు. వెతికాను. లేవు. అటువంటి పుస్తకాల్లో ఉండవు. నేను ఆ తరవాత చదివిన ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. ఎన్నో ఏళ్ళ తరవాత సునామీ మన తీరానికే వచ్చినప్పటి పుస్తకంలో కూడా లేవు.

శాస్త్రవేత్త వచ్చిపోయిన మరుసటి ఏడు నవమి వచ్చింది. పెద్దాయనకు ఉద్యోగంలో అదే చివరి ఆయుధపూజ. పూలు తీసుకుని వెళ్ళేసరికి ఆయన తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, కింది గదిలో దీపం పొగ మీద కొత్త కాగితం తిప్పుతున్నాడు. గూడూరు నుంచి వచ్చిన ఆ నిమ్మకాయ ఎండిపోయి రాయిలాగయి డ్రమ్ము పెట్టె మీదే ఉంది. ఆయన పెట్టిందే.

"ఈపొద్దు ముట్టుకోవచ్చునా పెద్దాయనా?"

"అమ్మోరికి సెప్పుకున్నాలే. ముందు కాగితం మార్సి, అప్పుడు బొట్టు పెడతా. మగ్గమంటే ఒకరోజు ఆగినా ఎవురికీ ఏం కాదు. గుడ్డ రేపు నేస్తాం." మసి సరిగా పట్టిందో లేదో కాగితం పక్కకు తిప్పి చూశాడు. "ఇది అట్లా గాదు. దీనికి మొక్కాలంటే పని సేయించాల్సిందే."

బొట్టు కాగితానికి తగలకుండా, చాలా జాగ్రత్తగా, డ్రమ్ము చివరి ఇనుప అంచు మీద పెట్టాడు. బొరుగులు తిన్నాం. దశమి పొద్దున అద్దం పెట్టె ఎత్తి చూశాం. గీతలన్నీ సాపుగా ఉన్నాయి. కొండ మీదికి పోయే బస్సుల వణుకు తప్ప ఏమీ లేదు.

"ఏం రాలేదు," అన్నాను.

"మంచిదే గదా," అన్నాడు.

నా ఉద్యోగమంతా దాదాపుగా అటువంటి కాగితాలతోనే గడిచింది. ఏమీ రాని కాగితాలను మసి పట్టించడం, ఆరబెట్టడం, అటకెక్కించడం. అలుపు లేదని చెప్పను. అయినా ఆ పని ఇచ్చినందుకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఆ ముసలి శాస్త్రవేత్త మా పండుగ సంగతి తమ కార్యాలయంలో ఎవరికి ఒప్పగించాడో గాని, ఆ తరవాత ఏటా ఎండాకాలంలో ఒక కార్డు వచ్చేది. అడిగేది ఒకటే, మీ యంత్రం విశ్రాంతి తీసుకునే రోజు ఈ ఏడు ఏ తేదీన వస్తుందో తెలపండి, ఆ రోజు మీ కోసం ఎదురు చూడము అని. మొదట్లో ఆయన సంతకం ఉండేది. తరవాత ఎవరెవరివో. మా దగ్గర ఆ పద్ధతి మానేశామని రాసినా, మరుసటి ఏడు మళ్ళీ అదే కార్డు. వాళ్ళను తప్పుపట్టలేదు. అంత దూరం నుంచి మా పండుగను గుర్తుపెట్టుకుని అడిగేవాళ్ళను ఏమని తప్పుపట్టను?

నేను రిటైరయ్యేదాకా ప్రతి ఏటా పంచాంగం తీసి, తిథి చూసి, తేదీ రాసి పంపాను. దాని కింద ఇంకొక వాక్యం.

ఆ రోజు కూడా మేము ఉంటాం. ఎదురు చూడండి.